బడిపంతులైన శతావధాని

చరిత్ర అనగానే మనకు రాజులు, యుద్ధాలు, కోటలు, శాసనాలు జ్ఞప్తికి వస్తాయి. బడిపంతులు చరిత్ర ఎవరు వ్రాస్తారు? ఆయన చేతిలోని సుద్దముక్క అరిగిపోతుంది. నల్లబల్ల మీద వ్రాసినది సాయంత్రానికి తుడిచివేస్తారు. ఐనా ఒక భాష తండ్రుల తరం నుండి బిడ్డల తరానికి నడిచి వెళ్ళిన దారి చాలావరకు ఆ నల్లబల్ల ముందునుంచే సాగింది. ఈ ఉగాది సంచికకు చరిత్ర విషయం ఏదైనా వ్రాయవలసిందని మన సంఘం పెద్దలు కోరినప్పుడు మేము ఏ చక్రవర్తి జోలికీ పోదలచలేదు. బందరు హిందూ ఉన్నత పాఠశాలలో తెలుగు పండితులుగా పనిచేసిన చెళ్ళపిళ్ళ వేంకటశాస్త్రిగారి జీవితాన్ని నాలుగు మాటలలో పాఠకుల ముందు పెట్టదలచాము.

మేము పండితులము కాము. మెట్రిక్యులేషన్‌తో చదువు చాలించి రైల్వేలో గుమాస్తాగిరీ చేసుకొంటున్నవారము. పెద్దల గ్రంథాలను తూచే సాహసం మాకు లేదు. కాని శాస్త్రిగారి జీవితంలో పండితులకంటె మావంటి సామాన్యులే ఎక్కువగా ఆలోచించుకోవలసిన సంగతి ఒకటి ఉన్నది. అది చెప్పడమే ఈ వ్యాసానికి ప్రయోజనం.

తిరుపతి వేంకటకవులంటే ఎరుగని తెలుగువాడు ఉండడు. ఆ జంటలో ఒకరు దివాకర్ల తిరుపతిశాస్త్రిగారు, రెండవవారు మన వేంకటశాస్త్రిగారు. వారి అవధానాలు, వారి మీసాలు, వారి వాదాలు అందరూ చెప్పుకొనేవే. ఆ మహాకవి ఒక ఉన్నత పాఠశాలలో గంట కొట్టగానే తరగతిలోనికి వెళ్ళి, పదిహేనేండ్ల పిల్లలకు పద్యం చదివి అర్థం చెప్పిన ఉపాధ్యాయుడన్న మాటను మాత్రం జీవితచరిత్రలలో ఒక వాక్యంతో దాటవేయడం పరిపాటి. మా దృష్టిలో అసలు కథ ఆ వాక్యంలోనే ఉన్నది.

వేంకటశాస్త్రిగారు 1870 ఆగస్టు 8వ తేదీన గోదావరి జిల్లా కడియంలో జన్మించారు. తండ్రి కామయ్యగారు, తల్లి చంద్రమ్మగారు. రాజమహేంద్రవరం నుండి సామర్లకోట వైపు రైలులో పోయేవారికి కడియం స్టేషను తెలిసినదే. నేడు ఆ ప్రాంతం పూలతోటలకు, మొక్కల పెంపకానికి దేశమంతటా పేరుపడ్డది. శాస్త్రిగారి బాల్యంలో ఆ స్టేషనూ లేదు, రైలూ లేదు. బెజవాడ నుండి కటకం వైపు సాగిన కోస్తా రైలుమార్గం 1893-96 సంవత్సరాల నడుమ ఏర్పడింది. గోదావరి మీద రైలు వంతెన 1900లో తెరచారు. అంతకుముందు ఆ జిల్లాలో ప్రయాణమంటే కాలువలో పడవ, బాటమీద ఎడ్లబండి, అవి లేనివారికి కాలినడక. విద్యకోసం ఊరూరు తిరిగిన ఆనాటి పిల్లల పట్టుదలను మనం ఈ లెక్కతోనే గ్రహించాలి.

శాస్త్రిగారి వంశంలో పూర్వులొకరు కవి. ఆయన కూర్చిన తాళపత్ర గ్రంథాలు ఇంటిలో ఉండేవి. పిల్లవానికి ఆ తాటాకుల కట్టలే తొలి నేస్తాలు. కుటుంబం తరువాత యానాంకు మారింది. చుట్టూ ఇంగ్లీషువారి ఏలుబడిలోని గోదావరి జిల్లా, నడుమ ఫ్రెంచివారి యానాం. ప్రజలు మాట్లాడేది తెలుగు, పైన ఎగిరేది పరాయి జెండా. యానాంలో ఫ్రెంచి ప్రభుత్వం 1954 వరకు సాగింది. నేడు కూడా యానాం పుదుచ్చేరి ప్రాంతంలోనిదే గాని ఆంధ్రప్రదేశ్‌లోనిది కాదు. కనుక తెలుగు రాష్ట్రపు పొలిమేరకు ఈవల ఉండే మనవంటివారికి శాస్త్రిగారు ఒక విధంగా ఇరుగుపొరుగు చుట్టం. తెలుగు చదువుకోవడానికి తెలుగు ప్రభుత్వం క్రిందనే ఉండనక్కరలేదని ఆయన బాల్యమే చెప్పుతున్నది.

యానాంలోనే ఆయన జీవితాన్ని మలుపు త్రిప్పిన సంఘటన జరిగింది. పదునెనిమిదేండ్ల ప్రాయంలో ఆయన ఆ ఊరి వేంకటేశ్వరస్వామి మీద ఒక శతకం వ్రాశారు. ఆ స్వామిని భక్తులు మీసాల వెంకన్న అని పిలుచుకొంటారు. ఊరి పండితులు శతకం విన్నారు, అందులో వ్యాకరణ దోషాలున్నవని ఎత్తిచూపారు. పదునెనిమిదేండ్ల కుఱ్ఱవానికి ఆ మాట ఎంతటి గాయమో చెప్పనక్కరలేదు. అటువంటి సందర్భంలో కొందరు కలం పారవేస్తారు. కొందరు విమర్శించినవారిని తిట్టిపోస్తారు. వేంకటశాస్త్రిగారు ఆ రెండూ చేయలేదు. వ్యాకరణం నేర్చుకొని తీరవలెననుకొన్నారు. అదీ కాశీకి పోయి నేర్వవలెననుకొన్నారు. చేతిలో డబ్బు లేదు. ఐనా కోరిక వదలలేదు. పద్యవిద్యనే పెట్టుబడి చేసుకొని, అవధానం చేసి దారిబత్తెం కూర్చుకొని, చివరకు కాశీకి వెళ్ళివచ్చారు. ఆ యాత్రలోని పాట్లను ఆయనే పెద్దవయస్సులో నవ్వుతూ నవ్విస్తూ వ్రాశారు.

ఆయనకు వ్యాకరణం ఒంటబట్టించిన ముఖ్యగురువులు చర్ల బ్రహ్మయ్యశాస్త్రిగారు. ఆ కాలంలో గురువుగారి ఇల్లే పాఠశాల. జీతం లేదు, హాజరుపట్టీ లేదు. శిష్యులు వారాలు చేసుకొని భోజనం గడుపుకొంటూ, ఏండ్ల తరబడి పాణిని సూత్రాలను వల్లెవేసేవారు. అక్కడనే ఆయనకు భీమవరం ప్రాంతంలోని యెండగండికి చెందిన దివాకర్ల తిరుపతిశాస్త్రిగారు సహాధ్యాయి అయినారు. తిరుపతిశాస్త్రిగారు 1872లో జన్మించినవారు. శాస్త్రంలో లోతు, స్వభావంలో నిదానం ఆయనవి. వేంకటశాస్త్రిగారిది మాటకారితనం, లోకజ్ఞానం, సభను ఒక్క క్షణంలో తన వైపు త్రిప్పుకొనే చొరవ. ఒకరి కొరత మరొకరు తీర్చుకొన్నారు. జంటగా కవిత్వం చెప్పి, ఎవరు ఏ పద్యం చెప్పారన్న భేదం లేకుండా రెండు పేర్లతోనూ లోకానికి ఇచ్చారు.

నేటి పిల్లలకు అవధానం అంటే ఏమో తెలియకపోవచ్చును. కనుక రెండు మాటలు. అష్టావధానంలో అవధాని చుట్టూ ఎనిమిదిమంది పృచ్ఛకులు కూర్చుంటారు. ఒకరు చిక్కు సమస్య ఇచ్చి పద్యంగా పూరించమంటారు. ఒకరు పొంతన లేని నాలుగు పదాలిచ్చి వాటిని ఇమిడ్చి పద్యం చెప్పమంటారు. ఇంకొకరు అవధాని ఏ అక్షరం వేయబోతున్నాడో ఊహించి, ఆ అక్షరం కూడదని అడ్డుపడతారు. మరొకరు నడుమ నడుమ గంట కొడుతుంటారు, ఎన్ని గంటలైనవో చివరకు లెక్క చెప్పాలి. వేరొకరు పనికిమాలిన ప్రశ్నలు వేసి మనస్సు చెదరగొట్టాలని చూస్తారు. ఇవన్నీ ఒకేసారి సాగుతాయి. శతావధానంలో అడిగేవారు నూరుమంది. మొదటి ఆవృత్తిలో నూరుమందికీ ఒక్కొక్క పాదం చెప్పాలి. రెండవసారి రెండవ పాదం. ఆవిధంగా నాలుగు ఆవృత్తులు ముగిసిన పిమ్మట నూరు పద్యాలనూ వరుసగా అప్పగించాలి. దీనినే ధారణ అంటారు. చేతిలో కాగితం ఉండదు. మేము ఆఫీసులో ఒకేసారి నలుగురు వచ్చి నాలుగు సంగతులు అడిగితే తికమకపడేవారము కనుక, ఆ నూరుమంది నడుమ కూర్చున్నవారి మనోబలాన్ని తలచుకొంటే మాకు ఆశ్చర్యం ఆగదు.

ఈ జంటకవులు అవధానాన్ని పండితుల చావడిలోనుండి ఊరి నడిబొడ్డుకు తెచ్చారు. విజయనగరం, వేంకటగిరి, గద్వాల, ఆత్మకూరు మొదలైన సంస్థానాలు తిరిగారు. గద్వాల, ఆత్మకూరు పాలమూరు సీమలోనివి, మన రాయచూరుకు పొరుగువి. ప్రభువుల సన్మానాలు పొందారు, ఏనుగులెక్కారు. ఆ సందర్శనాల పద్యాలను నానారాజ సందర్శనమనే పేర వెలువరించారు. వారు పెంచిన మీసాలు కూడా కవిత్వంలో భాగమే. సంస్కృతంలోను, తెలుగులోను తమను గెలిచినవారు ఉంటే ఆ మీసాలు తీసివేసి మ్రొక్కుతామని వారి సవాలు. మీసాల వెంకన్న మీద వ్రాసిన శతకంలో తప్పులు పట్టించుకొన్న కుఱ్ఱవాడు, పట్టుమని పదేండ్లయినా గడవకముందే మీసం మీద చేయివేసి సభలను పిలిచే స్థితికి వచ్చాడు. ఇది వ్యాకరణం మహిమ అందామా, పట్టుదల మహిమ అందామా? రెండూ అనడమే న్యాయం.

అయితే సంస్థానాల ఆదరణ ఎండాకాలపు చెరువువంటిది. నాడు నిండుగా కనిపించినది మరునాటికి ఇంకిపోతుంది. ప్రభువు మారితే కవికి చోటు మారుతుంది. దివాను ప్రసన్నుడు కాకపోతే దర్శనమే దొరకదు. పండితుడు నెలల తరబడి ఏ సత్రంలోనో వేచియుండవలసి వచ్చేది. అంతేకాక కాలం కూడా మారుతున్నది. ఇంగ్లీషు చదువు వ్యాపించింది, రాజాస్థానాల కంటె పత్రికలకూ ముద్రణాలయాలకూ బలం పెరుగుతున్నది. పోలవరం జమీందారు కొచ్చెర్లకోట రామచంద్ర వేంకటకృష్ణారావుగారు సరస్వతి అనే పత్రిక నడపుతూ ఈ కవులను ఆదరించారు. సంస్కృత నాటకాలను వీరు తెలుగు చేసినది ఆ సందర్భంలోనే. పిమ్మట వేంకటశాస్త్రిగారు బందరు హిందూ ఉన్నత పాఠశాలలో తెలుగు పండితులుగా చేరారు. ఇరువదవ శతాబ్ది తొలి దశాబ్దాల మాట ఇది.

ఆనాటి ఉన్నత పాఠశాలలో తెలుగు పండితుని స్థానమేమిటో ఇప్పటివారు ఊహించలేరు. బడిలో పెద్దరికమంతా ఇంగ్లీషు చెప్పేవారిది, లెక్కలు చెప్పేవారిది. వారికి పట్టాలున్నవి, కోటు ఉన్నది, జీతం ఎక్కువ. పండితునికి తలపాగా, పైన ఒక ఉత్తరీయం, నెలకు కొద్దిపాటి జీతం. పిల్లలు అల్లరి చేయదలిస్తే తెలుగు గంటనే చూసుకొనేవారు. పరీక్షకు తెలుగు ఎంత చదివినా ఉద్యోగం ఇచ్చేది ఇంగ్లీషే కదా అని తల్లిదండ్రుల ఆలోచన. ఏనుగు మీద ఊరేగిన కవి అటువంటి బడిలో, అటువంటి కుర్చీలో కూర్చున్నాడు. కొందరు దీనిని ఆయన జీవితంలోని మెట్టు దిగడంగా తలచవచ్చును. కాని జరిగినదేమో చూడండి.

బందరు అప్పుడు ఎటువంటి ఊరు? 1864 నాటి ఉప్పెన దెబ్బ తిన్న పాత రేవుపట్టణం. వ్యాపారం తగ్గింది, కాని విద్యకూ దేశాభిమానానికీ పెట్టింది పేరయింది. కృష్ణాపత్రిక 1902లో అక్కడనే పుట్టింది. జాతీయ కళాశాల 1910లో అక్కడనే వెలసింది. ముట్నూరి కృష్ణారావుగారు, కోపల్లె హనుమంతరావుగారు, పట్టాభి సీతారామయ్యగారు తిరుగాడిన వీథులవి. ఆ గాలి పీల్చుకొంటున్న పిల్లలకు తెలుగు చెప్పే పని శాస్త్రిగారికి దొరికింది.

శాస్త్రిగారు తరగతిలో పాఠం చెప్పే తీరును గురించి ఆయన శిష్యులు జీవితాంతం చెప్పుకొన్నారు. పద్యం చదవడంలోనే ఆయనకు సగం బోధన ముగిసేది. గొంతెత్తి ఆయన భారత పద్యం చదివితే అర్థం తెలియని పిల్లవానికి కూడా అందులో కోపమున్నదో, వెక్కిరింపు ఉన్నదో, దుఃఖమున్నదో తెలిసేది. పాఠం ఒక పద్యంతో మొదలై, ఆ పద్యం చెప్పిన కవి దగ్గరకు, ఆ కవిని ఏలిన రాజు దగ్గరకు, తాను చూచిన సభల దగ్గరకు, చివరకు ఒక హాస్యపు కథ దగ్గరకు పోయేది. పరీక్షాధికారి దృష్టిలో ఇది పాఠ్యక్రమం తప్పడమే కావచ్చును. కాని ఎండిన పాఠంలో ఎవరికి ఏమి మొలకెత్తుతుంది? ఆయన వద్ద పిల్లలు అర్థతాత్పర్యాలతోపాటు తెలుగు పద్యం పట్ల ఒక తీరని ఆకలిని కూడా నేర్చుకొన్నారు. బడి విడిచినా శిష్యులు ఆయనను విడువలేదు. తాము వ్రాసిన పద్యాలను తెచ్చి ఆయనకు వినిపించేవారు.

ఆ శిష్యులు ఎవరు? మొదటివారు విశ్వనాథ సత్యనారాయణగారు. బందరు బడిలో శాస్త్రిగారి పాఠం విన్న ఆ పిల్లవాడు పెరిగి వేయిపడగలు, రామాయణ కల్పవృక్షం వ్రాశారు. తెలుగువారికి మొదటి జ్ఞానపీఠ పురస్కారం, 1970 సంవత్సరానికి గాను, ఆయన మూలంగానే వచ్చింది. ఆయన స్వభావంలో వినయం కొంచెం తక్కువని లోకం చెప్పుకొంటుంది. గురువును స్తుతించేటప్పుడు కూడా, నన్నయకు గాని తిక్కనకు గాని తనవంటి శిష్యుడు దొరికిన భాగ్యం లేదనీ, ఆ భాగ్యం తన గురువుకే దక్కిందనీ చెప్పుకొన్నారు. చదివినవారు నవ్వుకొంటారు. కాని ఆ గర్వం కూడా గురుదక్షిణలో భాగమే. మీసాల గురువుకు అటువంటి శిష్యుడే తగును.

రెండవవారు, మూడవవారు పింగళి లక్ష్మీకాంతంగారు, కాటూరి వేంకటేశ్వరరావుగారు. గురువుల బాటలోనే వీరిద్దరూ జంటకవులైనారు. అశ్వఘోషుని కావ్యాన్ని ఆధారం చేసుకొని సౌందరనందం అనే కావ్యం వ్రాసి, 1932లో వెలువరించి గురువుగారికే అంకితమిచ్చారు. లక్ష్మీకాంతంగారు తరువాత ఆంధ్ర విశ్వవిద్యాలయంలో తెలుగు ఆచార్యులై ఆంధ్ర సాహిత్య చరిత్ర వ్రాశారు. కాటూరివారు కృష్ణాపత్రికకు సంపాదకులైనారు. ఇక వేటూరి ప్రభాకరశాస్త్రిగారు. బందరులో వేంకటశాస్త్రిగారికి శిష్యరికం చేసిన ఈయన చెన్నపట్టణంలోని ప్రాచ్యలిఖిత పుస్తక భాండాగారంలో పనిచేస్తూ, పురుగులు తినిపోనున్న తాటాకులలోనుండి ఎన్ని తెలుగు గ్రంథాలను బయటకు తెచ్చారో లెక్కలేదు. చాటుపద్యాలను ప్రోగుచేసి అచ్చువేశారు. తిరుపతిలో అన్నమాచార్యుల కీర్తనల పరిష్కరణకు పూనుకొన్నారు. ఇంటిలో అన్నమయ్య పాట మ్రోగినప్పుడు మనకు ఆ సంగతి గుర్తుకు రాదు. కాని ఆ పాట మనదాకా వచ్చిన దారిలో బందరు గురుశిష్యుల అడుగులు కూడా ఉన్నవి.

ఒక మహాకవి, ఒక విశ్వవిద్యాలయ ఆచార్యుడు, ఒక పత్రికాసంపాదకుడు, ఒక పరిశోధకుడు. ఒక భాష బ్రతికి ఉండడానికి కావలసిన నాలుగు విధాల మనుష్యులూ ఒక బడిపంతులు నీడలో తయారైనారు. ఏ సంస్థానాధీశుడు ఏ ఏనుగు మీద ఎక్కించినా ఇంత ఫలితం వచ్చి ఉండేదా? సభలో చెప్పిన నూరు పద్యాలలో తొంబదియైదు సభతోనే పోయినవి. తరగతిలో చెప్పిన పద్యం మరొకరి నోట మరల మొలిచింది.

శాస్త్రిగారి కీర్తికి మరొక కాలువ నాటకం. పాండవజననం మొదలుకొని పాండవోద్యోగం, పాండవవిజయం వరకు జంటకవులు భారతకథను నాటకాలుగా వ్రాశారు. తిక్కనగారి భారతాన్ని చదవలేనివాడు కూడా ఈ నాటకాల పద్యాలను కంఠతా పట్టాడు. కారణం భాష. ఇంత పాణినీయం చదివినవారు పద్యంలో మాత్రం బావ బావమరదులు మాట్లాడుకొన్నట్లే మాట్లాడించారు. రాయబారం ఘట్టంలో పీసపాటి నరసింహమూర్తిగారు, షణ్ముఖి ఆంజనేయరాజుగారు శ్రీకృష్ణులై పద్యమెత్తుకొంటే తెల్లవారేదాకా జనం కదిలేవారు కాదు. రైల్వే కాలనీలలో ఇన్‌స్టిట్యూటులున్న ప్రతిచోటా తెలుగు ఉద్యోగులు ఈ పద్యాలు పాడుకొన్నవారే. మా ఆఫీసులోనే సంతకం తప్ప తెలుగు వ్రాయనేరని పెద్దలున్నారు. వారు ఇక్కడనే పుట్టి కన్నడంలో చదివినవారు. కాని కురుక్షేత్రం పద్యం మొదటి ముక్క అందిస్తే చివరిదాకా రాగంతో ముగించగలరు. బడికి పోనివారికి నాటకశాలే బడి అయినదనడానికి ఇంతకంటె సాక్ష్యమేమి కావాలి?

చరిత్ర వ్రాసేవారు మంచినే చెప్పి ఊరుకోరాదు. శాస్త్రిగారి జీవితంలో కలహాలు తక్కువేమీ కాదు. కొప్పరపు సోదరకవులతో స్పర్ధ, వేంకట రామకృష్ణకవులతో వాదం, ఇరుపక్షాల పద్యాలు, కరపత్రాలు, పత్రికలలో నిందలు. గీరతం అనే గ్రంథం అటువంటి కలహంలోనుండి పుట్టినదే. ఆ వేడిలో పోయిన కాలం కావ్యరచనకు పోయి ఉంటే బాగుండునని కొందరు పెద్దలు అన్నారు. అది నిజమే. ఐతే ఆనాడు రెండు కవుల జంటలు వ్యాకరణం మీద వాదులాడుకొంటే జిల్లాకు జిల్లా రెండు పక్షాలుగా చీలి, పద్యాలు వల్లించి తగవులాడేది. ఒక సంధి సాధువా అసాధువా అని కాఫీ హోటలులో వాదించుకొనే ప్రజ ఉన్న భాషకు అప్పటికి ప్రమాదం లేనట్లే.

తిరుపతిశాస్త్రిగారు 1920లో కాలధర్మం చెందారు. ముప్పదియేండ్ల చెలిమి తెగిపోయింది. ఆ తరువాత వేంకటశాస్త్రిగారు ముప్పది సంవత్సరాలు జీవించారు, ఎన్నో గ్రంథాలు వెలువరించారు. ఒంటరిగా వ్రాసినవాటికి కూడా జంటపేరే పెట్టారు. కీర్తి కోసం మీసం దువ్విన మనిషి, ఆ కీర్తిలో సగాన్ని లేని మిత్రునికి ముప్పదియేండ్లు పంచిపెట్టాడు. ఆయన అహంకారాన్ని గురించి మాట్లాడేవారు ఈ సంగతిని కూడా రెండవ తట్టలో వేసి తూచాలి.

ఆ చివరి దశాబ్దాలలో ఆయన వ్రాసిన వచనం కథలు గాథలు. తాను చూచిన పండితులు, జమీందారులు, సత్రాలు, భోజనాలు, ప్రయాణాలు, సభలు, మోసాలు, దానాలు అన్నీ అందులో ఉన్నవి. చెప్పబోయిన సంగతి విడిచి దారిలో కనిపించిన ప్రతి సందులోనికీ తొంగిచూచి, మరల బాటమీదికి వస్తారు. అచ్చంగా తరగతిలో పాఠం చెప్పినట్లే. వ్యాకరణం కోసం కాశీకి పోయినవారు ఇందులో గ్రాంథికపు బిగువును సడలించి, అరుగు మీద కూర్చుండి ముచ్చటించే భాషలోనికి దిగారు. పందొమ్మిదవ శతాబ్ది చివర గోదావరి ప్రాంతపు బ్రాహ్మణ విద్యార్థి ఏమి తిన్నాడు, ఎట్లు చదివాడు, ఎవరిని ఆశ్రయించాడు అని తెలుసుకొనగోరే చరిత్రకారునికి అంతకు మించిన సాక్ష్యం దొరకదు.

దేశానికి స్వాతంత్ర్యం వచ్చిన పిమ్మట చెన్నరాష్ట్ర ప్రభుత్వం 1949లో శాస్త్రిగారిని తెలుగు ఆస్థానకవిగా గౌరవించింది. అప్పటి చెన్నరాష్ట్రం నాలుగు భాషల ఉమ్మడి ఇల్లు. తమిళానికి నామక్కల్ రామలింగం పిళ్ళైగారు, కన్నడానికి మంజేశ్వరం గోవింద పైగారు అటువంటి గౌరవమే పొందారు. కన్నడ సీమలో ఉగాది పచ్చడి తింటున్న మనకు ఈ సంగతి ముచ్చట గొలుపుతుంది. ఆ గౌరవం అందిన కొద్ది నెలలకే, 1950 ఫిబ్రవరి 15వ తేదీన, మహాశివరాత్రినాడు వేంకటశాస్త్రిగారు శివసాయుజ్యం పొందారు. నిండుగా డెబ్బదితొమ్మిది సంవత్సరాల జీవితం. శిష్యుని కల్పవృక్షానికి వచ్చిన జ్ఞానపీఠాన్ని చూడడానికి ఆయన లేరు. విత్తనం నాటినవారు అందరూ పండు తినరు కదా.

ఈ కథవలన మనం గ్రహించవలసినది ఏమి? మన భాషకు 2008లో కేంద్ర ప్రభుత్వం ప్రాచీన భాష హోదా ఇచ్చింది. అదే సమయాన కన్నడానికీ ఇచ్చింది. సంతోషమే. కాని హోదా ఢిల్లీలో ఉంటుంది, భాష ఇంటిలోనూ బడిలోనూ ఉండాలి. ఇక్కడ మన పిల్లలు బడిలో కన్నడం చదువుతారు, ఇంగ్లీషు చదువుతారు, హిందీ చదువుతారు. చదువవలసినదే. ఉన్న ఊరి భాష రానివాడు ఆ ఊరికి బరువు. పొరుగు భాష నేర్చినంత మాత్రాన సొంత భాష మరువనక్కరలేదనడానికి మనకు పెద్ద నిదర్శనం దగ్గరలోనే ఉన్నది. రాళ్ళపల్లి అనంతకృష్ణశర్మగారు మైసూరు మహారాజా కళాశాలలో 1912 నుండి 1949 వరకు తెలుగు బోధించారు. కన్నడిగుల ఆదరణలోనే ఆ బోధన సాగింది. కొరత భూమిలో లేదు, ఉంటే మన పట్టుదలలో ఉండాలి.

మన సంఘం ఆదివారాలలో నడపే తెలుగు తరగతికి పిల్లలు వస్తున్నారు. అక్షరాలు వస్తున్నవి, గుణింతాలు వస్తున్నవి. అంతటితో చాలించి చాలామంది మానివేస్తున్నారు. అక్షరం వచ్చినవాడు తెలుగు వచ్చినవాడు కాడు. ఒక పద్యం గొంతెత్తి చదివి, ఒక కథ చెప్పి, పిల్లవానికి ఆకలి పుట్టించే మనిషి కావాలి. అటువంటివారు మనలోనే ఉన్నారు. పౌరాణిక నాటకాలలో వేషం కట్టిన పెద్దలున్నారు. బడిలో పనిచేసి విశ్రాంతి తీసుకొంటున్న అయ్యవార్లున్నారు. వేమన పద్యాలు, సుమతీ పద్యాలు నోటికి వచ్చిన అమ్మమ్మలు, నాయనమ్మలు ఉన్నారు. నెలకు ఒక్క ఆదివారం, ఒక్క గంట, వారిని పిలిచి కుర్చీ వేసి పిల్లల ముందు కూర్చుండబెట్టడం మన సంఘానికి పెద్ద వ్యయం కాదు. ఆ వచ్చిన అయ్యవారికి ఏదో దయతో ఇచ్చినట్లు గాక, సభాసన్మానానికి ఖర్చుచేసే డబ్బులో ఒక భాగం గౌరవంగా సమర్పించుకోవాలని మా మనవి. ఏటేటా వేదిక మీద కప్పే శాలువలు కొన్ని తగ్గినా నష్టం లేదు.

మన పిల్లలలో విశ్వనాథ ఉన్నాడా, వేటూరి ఉన్నాడా అని ఇప్పుడే ఎవరు చెప్పగలరు? బందరు బడిలో ముందు బల్లమీద కూర్చున్న పిల్లవాడు ఎవరో ఆనాడు ఎవరికీ తెలియదు. శాస్త్రిగారికీ తెలియదు. ఆయన పద్యం చదివారు, అంతే.

సంఘ సభ్యులకు, వారి కుటుంబాలకు, మనతోపాటే ఈనాడు యుగాది జరుపుకొంటున్న కన్నడ సోదరులకు మా నూతన సంవత్సర శుభాకాంక్షలు.